పులి జూదానికి నాలుగు వరాలు: ఆన్‌లైన్‌లో ఆడుకునే పద్ధతి

తిరుపతిలో కొందరు, చిత్తూరులో కొందరు, బెంగళూరులో ఇంకొందరుగా చెదిరిపోయిన కుటుంబం రాత్రి భోజనాల తరువాత కలిసి ఆడుకోవడానికి, ఒకరు మూడు పులులతో, మరొకరు పదిహేను మేకలతో ఆడే పులి జూదాన్ని మించిన ఆట లేదని నా నమ్మకం. దీనికి పాచికలు అక్కరలేదు, పేకముక్కలు అక్కరలేదు, అదృష్టంతో పని అసలే లేదు. పలక మీద ఉన్నదంతా ఇద్దరికీ కనబడుతూనే ఉంటుంది కాబట్టి గెలిచినా ఓడినా ఆలోచన వల్లనే. ఈ కాలపు పిల్లలు ఫోనులో ఆడే ఆటల్లో పవర్లకు అలవాటుపడి ఉన్నారు గనుక, వారిని ఈ ఆట వైపు తిప్పడానికి మేము దీనికి నాలుగు వరాలు చేర్చుకున్నాము. ఆటను పాడుచేయకుండా, దానికి కొత్త పదును పెట్టేలా ఆ వరాలను ఎలా వాడుకోవచ్చో, పలకను ఆన్‌లైన్‌లో ఎలా తయారు చేసుకోవాలో ఇక్కడ వివరిస్తాను. ఇందుకు ప్రత్యేకమైన యాప్ ఏదీ అక్కరలేదు. గూగుల్ షీట్స్, ఒక ఫోన్ కాల్ ఉంటే చాలు.

పలక అసలు స్వరూపం

దక్షిణాదిలో చాలా పాత గుళ్ళ మండపాల బండల మీద చెక్కి కనిపించే పులి జూదం పలక చూడటానికి ఒక గోపురంలా ఉంటుంది. పైన ఒక కొన, ఆ కొన నుంచి కిందికి విచ్చుకునే నాలుగు గీతలు, వాటిని అడ్డంగా కోసే మూడు పొడవైన గీతలు, ఆ మూడింటి చివరలను రెండు పక్కలా కలిపే రెండు నిలువు గీతలు, అన్నిటికీ అడుగున ఒక పొట్టి గీత. గీతలు కలిసే చోట్లను లెక్కపెడితే కొన ఒకటి, మూడు పొడవైన గీతల మీద ఆరేసి చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు, మొత్తం 23 బిందువులు.

ఆ ఏటవాలు గీతలు కంటికి వంకరగా కనిపించినా, ఆట దృష్టిలో అవి తిన్నని నిలువు వరుసలే. ఈ సంగతి గమనిస్తే పలకను షీటులోకి దించడం చాలా సులభమైపోతుంది. పొడవైన మూడు గీతలకు పై నుంచి క, చ, త అని, అడుగు గీతకు ప అని పేర్లు పెట్టండి. అ, ఆ, ఇ అని పెట్టుకోవడం సహజంగానే తోస్తుంది గాని, ఫోనులో అ ఏదో ఆ ఏదో వినబడక పదేపదే అడగవలసి వస్తుంది. క, చ, త, ప లలో ఆ ఇబ్బంది లేదు. ఎడమ నుంచి కుడికి బిందువులకు 1 నుంచి 6 వరకు అంకెలు వేయండి. అడుగు గీతలో ఉన్నవి నాలుగే కనుక వాటిని ప2, ప3, ప4, ప5 అని పిలవాలి. ఇలా చేస్తే కొన, క3, చ3, త3, ప3 ఒకే నిలువు గీత మీద ఉన్నాయని పేరు వినగానే తెలిసిపోతుంది. ఒకటవ, ఆరవ నిలువు గీతలకు మాత్రం కొనతోనూ అడుగు గీతతోనూ సంబంధం లేదు. క1, చ1, త1 ఒక గీత, క6, చ6, త6 ఇంకొక గీత.

షీటు తయారీ

కొత్త గూగుల్ షీటు తెరిచి ఐదు వరుసలు, ఆరు నిలువు వరుసలు గల చోటు ఎంచుకుని గళ్ళను చతురస్రాలుగా సాగదీయండి. మొదటి వరుసలో నడిమి నాలుగు గళ్ళను మెర్జ్ చేస్తే అదే కొన అవుతుంది. తరువాతి మూడు వరుసలు క, చ, త. చివరి వరుసలో నడిమి నాలుగు గళ్ళు ప వరుస. పై వరుసలోనూ కింది వరుసలోనూ మిగిలిపోయిన నాలుగు మూల గళ్ళకు నల్లరంగు నింపండి, అవి ఆటలో లేవు. ఇప్పుడు ఒక గడి అంచు ఇంకొక గడి అంచును తాకితే ఆ రెండు బిందువుల మధ్య గీత ఉన్నట్టు లెక్క. మూలలు మాత్రమే తాకితే గీత లేనట్టు. పాత పలకలోని ప్రతి గీతా ఇందులో ఉంటుంది, లేని గీత ఒక్కటి కూడా రాదు.

పులులకు పు1, పు2, పు3 అని, మేకలకు మే అని రాస్తే సరిపోతుంది. ఎమోజీలు పెట్టుకుంటే పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది గాని, మూడు పులులలో ఏది ఎక్కడికి కదిలిందో చెప్పుకోవడానికి అంకెలు తప్పనిసరి. పలకకు కుడి పక్కన ఇంకా పేర్చని మేకల సంఖ్య, పులులు తిన్న మేకల సంఖ్య, నాలుగు వరాల పేర్లు రాసుకోవడానికి కొన్ని గళ్ళు కేటాయించండి. షీటు లింకును ఆడేవారికి ఎడిటర్ హోదాతోనూ, చూసేవారికి వ్యూయర్ హోదాతోనూ పంపండి. ఎవరి వేలో పొరపాటున తగిలి మేక మాయమైతే కంగారు పడనక్కరలేదు. వర్షన్ హిస్టరీలో ముందటి స్థితి భద్రంగా ఉంటుంది, మార్పు ఎవరి ఖాతా నుంచి ఎప్పుడు జరిగిందో కూడా కనిపిస్తుంది.

ప్రతి ఎత్తునూ షీటులో వేయడంతో పాటు నోటితో చెప్పాలి, లేదా వాట్సాప్‌లో రాయాలి. మేకను పేర్చినప్పుడు "మే ప2" అని, పులి కదిలినప్పుడు "పు1 క3 నుంచి చ3" అని, మేకను తిన్నప్పుడు "పు2 కొన నుంచి చ4, క4 పోయింది" అని చెబితే ఎంతటి ఎత్తయినా స్పష్టంగా అందుతుంది. చిత్తూరులో ఉన్న మా పెద్దత్త షీటు తెరవకుండానే, ఎదురుగా నేల మీద సుద్దముక్కతో గీసుకున్న పలక మీద చింతగింజలు పేర్చుకుని, ఈ పేర్లు వింటూ ఆడతారు. ఆమె వైపు ఎత్తులను మనుమరాలు షీటులో వేస్తుంది. పేర్లు సరిగ్గా పెట్టుకుంటే పలక ఎక్కడ ఉన్నా ఒకటేనని చెప్పడానికే ఈ ముచ్చట.

వరాలు చేర్చక ముందు ఉండవలసిన నియమాలు

పులి జూదాన్ని ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క తీరుగా ఆడతారు కనుక, మొదలుపెట్టే ముందు నియమాలను అందరూ ఒప్పుకోవాలి. మేము అనుసరించే పద్ధతి ఇది. మూడు పులులు కొన, క3, క4 బిందువులలో నిలబడి ఉంటాయి. పదిహేను మేకలు పలక బయట ఉంటాయి. మొదటి వంతు మేకలది. వంతుకు ఒక మేకను ఏదైనా ఖాళీ బిందువులో పేర్చాలి, పదిహేనూ పేర్చే వరకు పలక మీద ఉన్న మేకలను కదపకూడదు. పులి మాత్రం మొదటి నుంచే కదలవచ్చు. గీత వెంట పక్క బిందువుకు అడుగు వేయవచ్చు, లేదా పక్కనున్న మేక మీదుగా దూకి, అదే గీతలో దాని వెనకనున్న ఖాళీ బిందువులో దిగి ఆ మేకను తినవచ్చు. వంతుకు ఒక్క మేకనే తినాలి. తినే అవకాశం ఉన్నంత మాత్రాన తినాలన్న నిర్బంధం లేదు. పులి మీదుగా పులి దూకకూడదు. కొన మీదుగా ఎవరూ దూకకూడదు, ఎందుకంటే అక్కడ గీతలన్నీ ముగిసిపోతాయి.

మూడు పులులలో దేనికీ కదిలే దారి లేకపోతే మేకలు గెలిచినట్టు. ఆరు మేకలు పోతే పులులు గెలిచినట్టు. కొందరు మేకలన్నీ పోయేదాకా ఆడతారు గాని, ఆన్‌లైన్‌లో అలా ఆడితే చివరి సగం ఈడ్చినట్టు సాగుతుంది. నేపాల్‌లో ఆడే బాఘ్‌చాల్‌లో ఇరవై మేకల్లో ఐదు పోతేనే పులులకు గెలుపు ఇస్తారు. మనకు ఆరు అన్నది ఉదారమైన లెక్కే.

మేకలను పేర్చే క్రమం

వరాల సంగతి తరువాత. మేకలను పేర్చడం రానివారికి ఏ వరమూ అక్కరకు రాదు. ఒక మేకను తినాలంటే దానికి రెండు పక్కలా అదే గీత మీద బిందువులు ఉండాలి, ఒకవైపు పులి, మరొకవైపు ఖాళీ. అన్ని గీతలూ వచ్చి ముగిసిపోయే బిందువులో ఉన్న మేకను ఏ పులీ తినలేదు. పలక మీద అటువంటి బిందువులు ఏడు: కొన, క1, క6, త1, త6, ప2, ప5. కొనలో పులి కూర్చుని ఉంటుంది కాబట్టి మొదట మేకలకు దక్కేవి ఆరు. మొదటి ఆరు మేకలను కళ్ళు మూసుకుని అక్కడ పెట్టవచ్చు.

ఆ ఆరూ నిండిన తరువాత వాటి నీడలో మరికొన్ని బిందువులు భద్రమవుతాయి. క1, త1 లలో మేకలు ఉన్నాయి కనుక చ1లో పెట్టిన మేకకు ఏ భయమూ లేదు. కుడివైపు చ6 కూడా అంతే. ప2, ప5 నిండాయి కనుక ప3, ప4 భద్రం. అప్పటికి పది మేకలు. తరువాత త2లో పెట్టిన మేకకు వెనక త1, కింద ప2 కాపలాగా ఉన్నాయి, దాన్నీ తినలేరు. అదే విధంగా త5, ఆపైన త3, త4. చివరగా చ2. ఇలా పదిహేను మేకలనూ ఒక్కటి కూడా పోకుండా పేర్చవచ్చు, పులులు పైన ఊరికే తిరుగుతూ కూర్చుంటే.

అందుకే పులుల వైపు ఆడేవారు పైన కూర్చోకూడదు. మేకలు మూలలు నింపుతుండగానే కనీసం ఒక పులి త వరుసలోకి దిగి త3లోనో త4లోనో నిలవాలి. అది అక్కడ ఉన్నంతసేపు త వరుసలో మేకల గోడ పూర్తి కాదు, దాని పక్కన పెట్టే ప్రతి మేకకూ వెనక ఇంకొక మేక ఉందో లేదో చూసుకోవలసి వస్తుంది. అయితే పులి నిలిచే చోటుకూ ఒక ధర ఉంది. ఒంటరిగా ఉన్న ఒక పులిని కదలకుండా కట్టేయడానికి ఎన్ని మేకలు కావాలో లెక్కవేస్తే, క1, త6, ప2 వంటి మూలల్లో నాలుగు మేకలు చాలు. ప3లో ఐదు కావాలి. త3లో ఏడు కావాలి. చ3, చ4 లలోనూ కొనలోనూ ఎనిమిది కావాలి. పులులు గుంపుగా ఉంటే ఇంకా చవకగా దొరికిపోతాయి. మూడు పులులూ క1, చ1, త1 గీత మీద చేరితే రెండు, మూడు నిలువు గీతల మీద మూడేసి చొప్పున ఆరు మేకలు నిలిపి ఆట ముగించవచ్చు. అవి మొదలుపెట్టిన చోటనే, కొన, క3, క4 లలో ఉండిపోతే పది మేకలు చాలు. ఆరు మేకలు పోయినా ఆట ఆపకుండా సాగిస్తే, మిగిలే తొమ్మిదితో కూడా లెక్క ప్రకారం కట్టవచ్చు గాని, కళ్ళు తెరిచి ఆడే పులి అలాంటి చోటికి పోదు.

నాలుగు వరాలు

ఒక్కొక్క పక్షానికి రెండు వరాలు, ఒక్కొక్క వరం ఆటకు ఒక్కసారే, ఒక వంతులో ఒక వరమే. వరాన్ని ఎత్తుతో పాటే ప్రకటించాలి. ఎత్తు చెప్పిన తరువాత గుర్తుకు వస్తే ఆ వంతుకు చెల్లదు. వాడిన వరం పేరును షీటులో వెంటనే కొట్టివేయాలి. ఏ వరం మిగిలి ఉందో ఇద్దరికీ ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. దాచిపెట్టిన వరాలతో ఆడితే ఆట ఊహాగానంగా మారిపోతుంది, అన్నీ కళ్ళెదుట ఉండటమే పులి జూదానికి అందం.

మేకల మొదటి వరం కంచె. మేకల వైపువారు తమ ఎత్తు వేసిన తరువాత ఖాళీగా ఉండే ఒక బిందువుకు కంచె వేస్తారు. ఆ తరువాతి పులి వంతులో ఏ పులీ అందులో అడుగు పెట్టకూడదు, దూకి దిగకూడదు. ఆ వంతు కాగానే కంచె పోతుంది. షీటులో ఆ గడికి ఎరుపు నింపి, పులి ఎత్తు కాగానే తీసేయాలి.

మేకల రెండవ వరం మంద అడుగు. పదిహేను మేకలూ పేర్చిన తరువాత, ఒకే వంతులో రెండు వేర్వేరు మేకలను ఒక్కొక్క అడుగు కదపవచ్చు. మొదటిది ఖాళీ చేసిన చోటికి రెండవది రావచ్చు.

పులుల మొదటి వరం పంజా. ఇది కంచెకు ఎదురు వరం. పులి తన ఎత్తుతో పాటు ఒక ఖాళీ బిందువు మీద పంజా గుర్తు వేస్తే, తరువాతి మేక వంతులో అక్కడ మేకను పేర్చకూడదు, కదిపి తీసుకురాకూడదు. దీనికి పసుపు రంగు వాడండి.

పులుల రెండవ వరం జంట వేట. ఒక మేకను తిని దిగిన పులికి అక్కడి నుంచి ఇంకొక మేకను తినే దారి ఉంటే, అదే వంతులో తినవచ్చు. అంతటితో ఆగాలి, మూడవదానికి పోకూడదు.

పోయిన మేకను తిరిగి తెచ్చే వరం కూడా కావాలని మా ఇంటి పిల్లలు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. పోయిన మేక తిరిగి వస్తుందని తెలిస్తే పేర్చేటప్పుడు ఉండవలసిన జాగ్రత్త సడలిపోతుంది, పులి ఎంతో ఓపికగా పన్నిన వేట వృథా అవుతుంది. వరం అనేది రాబోయే ఒక్క వంతును మార్చాలి గాని, జరిగిపోయిన ఎత్తును చెరిపేయకూడదు. మీరు ఇంకేదైనా వరం కల్పించుకోదలిస్తే ముందు దాన్ని ఈ కొలతతో చూడండి.

వరాలను వాడవలసిన సమయం

కొత్తవారు కంచెను తొందరపడి వాడేస్తారు. ఒక మేకకు ముప్పు వచ్చిందనగానే దాని వెనక కంచె వేస్తారు. పేర్చే దశలో ఆ వెనక బిందువులో ఒక మేకను పెట్టినా అదే రక్షణ దొరుకుతుంది, అది శాశ్వతం కూడా. కంచె అవసరమయ్యేది రెండు మేకలకు ఒకేసారి ముప్పు వచ్చినప్పుడు. చ3లో పులి ఉంది, చ4లోనూ త3లోనూ మేకలు ఉన్నాయి, చ5, ప3 ఖాళీగా ఉన్నాయనుకోండి. ఒక మేకను చ5లో పెడితే చ4 బతుకుతుంది గాని త3 పోతుంది. చ5లో మేకను పేర్చి, ప3కు కంచె వేస్తే రెండూ బతుకుతాయి. తరువాతి వంతులో ప3లో మేకను పెట్టుకోవచ్చు.

కంచెకు అంతకంటే గొప్ప ఉపయోగం ఆట చివరన ఉంది. కంచె వల్ల మాత్రమే పులులకు దారి లేకపోతే దాన్ని గెలుపుగా లెక్కించము, ఎందుకంటే కంచె మరుక్షణం పోయేదే. పులులు ఆ వంతు వదులుకోవాలి, అంతే. కానీ ఆ వదులుకున్న వంతు వల్ల మేకలకు వరుసగా రెండు ఎత్తులు దొరుకుతాయి. ఒక స్థితిని పలక మీద పెట్టి చూడండి. పులులు కొన, క3, క4 లలో ఉన్నాయి. మేకలు క1, క2, క6, చ2, చ3, చ4, చ5, త3, త4, త5 లలో ఉన్నాయి, మిగిలినవి ఎక్కడ ఉన్నా సరే. పులులకు మిగిలిన ఒకే ఒక దారి క5. చ5లోని మేకను క5కు కదిపితే ఆ దారి మూసుకుంటుంది గాని, చ5 ఖాళీ అయి, కొనలోని పులి క5 మీదుగా చ5లోకి దూకుతుంది. ఆ ఎత్తుతోనే చ5కు కంచె వేస్తే పులులకు కదిలే చోటు ఉండదు, వంతు పోతుంది. తరువాతి వంతులో త5 మేకను చ5లోకి తెస్తే మూడు పులులూ నిజంగానే కట్టుబడతాయి. మంద అడుగు మిగిలి ఉంటే ఇదే పనిని ఒక్క వంతులో చేయవచ్చు: చ5 నుంచి క5, త5 నుంచి చ5. అందుకే మేకల వైపువారు ఈ రెండింటిలో ఒకదాన్నయినా చివరి దాకా మిగుల్చుకోవాలి.

మంద అడుగు విలువ తెలియాలంటే మేకల గోడ ముందుకు ఎలా కదులుతుందో తెలియాలి. పదిహేను మేకలూ నష్టం లేకుండా పేర్చగలిగితే పలక మీద ఖాళీ బిందువులు ఐదే ఉంటాయి, ఆ ఐదింటినీ పులుల చుట్టూ నుంచి తీసి వెనక్కు నెట్టడమే మేకల పని. గోడలోని ఒక మేక ముందుకు అడుగు వేయగానే దాని వెనక ఖాళీ ఏర్పడుతుంది. ఎదుట పులి ఉంటే ఆ ఖాళీయే పులికి దిగే చోటు. కనుక ఎదుట పులి లేని నిలువు గీతలో ముందుకు వెళ్ళాలి. ఉదాహరణకు క5లో పులి లేనప్పుడు, చ6లో మేక కాపలా ఉన్నప్పుడు, త5 మేకను చ5కు కదపవచ్చు. పులి వెంటనే క5లోకి వచ్చి గురి పెట్టినా, ప5 మేకను త5లోకి తెచ్చి ఖాళీ పూడ్చే వ్యవధి మీకు ఉంటుంది. కానీ పులి ముందే ఎదుట నిలిచి ఉన్న గీతలో ఈ రెండు అడుగులను రెండు వంతుల్లో వేయడం కుదరదు. క3లో పులి కదలకుండా కూర్చుని ఉండగా త3 నుంచి చ3, ప3 నుంచి త3 ఒకే వంతులో వేయడానికే మంద అడుగు ఉన్నది. అప్పుడు కూడా పక్క గీతను ఒకసారి చూసుకోండి. చ2లో మేక లేకపోతే చ4లోని పులి అడ్డంగా దూకవచ్చు.

పంజా విషయంలో పులుల వైపువారికి ఒక ఆకర్షణ ఉంటుంది. పేర్చే దశలో మేకలు కదలలేవు కాబట్టి, ఒక మేకకు గురి పెట్టి దాని వెనక బిందువు మీద పంజా వేస్తే, కంచె అడ్డుపడకపోతే ఆ మేక పోవడం ఖాయం. వరానికి ఒక మేక అంటే లాభసాటి బేరమే అనిపిస్తుంది. నేను దాన్ని తక్కువ బేరం అంటాను. ముందు చెప్పిన క్రమంలో పేర్చేవారి మీద ఆ అవకాశమే రాదు, పొరపాటు చేసేవారు పంజా లేకుండానే మేకలను పోగొట్టుకుంటారు. పంజాను దాచుకోవలసింది మేకలన్నీ దిగిన తరువాత, తోటి మేకల మధ్య ఇరుక్కుని కదలలేని మేక కోసం. దాని చుట్టూ స్నేహితులే ఉన్నప్పుడు అది తప్పించుకుని పోలేదు, కంచె కూడా అయిపోయి ఉంటే వెనకనున్న ఒక్క ఖాళీని నింపడమే వారికి మార్గం, ఆ మార్గాన్ని పంజా మూసేస్తుంది. అలా గోడ నడుమ నుంచి ఒక్క మేక పోతే గోడ మొత్తం కదిలిపోతుంది. పులులకు ఒకే దారి మిగిలినప్పుడు ఆ దారి మీదే పంజా వేసి, ఒక వంతు పాటు దాన్ని తెరిచి ఉంచుకోవడం రెండవ ఉపయోగం.

జంట వేట వాడిన క్షణంలో కంటే వాడకుండా ఉన్నంతసేపు ఎక్కువ పని చేస్తుంది. మేకల వైపు బాగా ఆడేవారు ఒక్కోసారి ఒక మేకను కావాలనే ఎర వేసి, దాన్ని తిన్న పులిని మూలకు రప్పించి కట్టేస్తారు. జంట వేట మిగిలి ఉంటే ఆ ఎర వేయడానికి వెనకాడతారు. కొనలో పులి ఉంది, క3లో ఎర మేక, చ3 ఖాళీ. పులి చ3లో దిగగానే దాని కంటికి చ4 మేక, దాని వెనక చ5 ఖాళీ కనబడితే ఒక్క వంతులో రెండు మేకలు పోయి, పులి చ5 దాకా వెళ్ళిపోతుంది; మీరు పన్నిన వల చ3 దగ్గరే ఉండిపోతుంది. కనుక మేకల వైపువారు ఏ మేకను వదులుకోదలచినా, పులి దిగే బిందువు నుంచి నాలుగు దిక్కులా ఇంకొక దూకుడు ఉందేమో చూసి తీరాలి. పులుల వైపువారు తొలి అవకాశానికే ఈ వరాన్ని ఖర్చు చేయకుండా, రెండవ వేట తరువాత పులి ఎక్కడ దిగుతుందో కూడా చూసుకోవాలి. రెండు మేకలు తిని క1 వంటి మూలలో దిగిన పులిని నాలుగు మేకలు కట్టేస్తాయి.

తగవులు రాకుండా ముందే తేల్చుకోవలసినవి

కాల్‌లో ఆడేటప్పుడు ఎత్తుకు రెండు నిమిషాలు సరిపోతుంది. వాట్సాప్‌లో తీరిక వేళల్లో ఆడేవారు రోజుకు ఒక్కొక్కరు ఒక ఎత్తయినా వేయాలని అనుకుంటే ఆట మూలన పడకుండా సాగుతుంది. షీటులో వేసిన ఎత్తుకూ నోటితో చెప్పిన ఎత్తుకూ తేడా వస్తే నోటితో చెప్పినదే చెల్లాలి, ఎందుకంటే ఫోను తెర మీద పక్క గడిలో వేలు పడటం చాలా సహజం.

పలక మీద అదే స్థితి మూడవసారి వస్తే, ఎవరి వంతు వచ్చిందో వారి దగ్గర వరం మిగిలి ఉంటే దాన్ని ఆ వంతులోనే వాడాలి. వారి దగ్గర లేకపోతే ఎదుటివారు తమ వంతులో వాడాలి. ఇద్దరి దగ్గరా ఏమీ లేకపోతే ఆట సమం. వరాలను పొదుపుగా దాచుకునేవారు దీనివల్ల ఏదో ఒక క్షణంలో నిర్ణయం తీసుకోవలసి వస్తుంది, పులి అటూ ఇటూ అడుగులు వేస్తూ కాలం గడపడం ఆగుతుంది.

కొత్తగా నేర్చుకునే చిన్నపిల్లలు మేకల వైపు ఆడితే వారికి రెండవ కంచె ఇవ్వండి. పులుల వైపు ఆడితే గెలుపుకు ఐదు మేకలు చాలనండి. రెండూ ఒకేసారి ఇవ్వనక్కరలేదు. ఒక ఆటతో ఎవరు గొప్పో తేల్చకూడదు, మేకలు పులులు మార్చుకుని రెండు ఆటలు ఆడాలి. ఇద్దరూ చెరొకటి గెలిస్తే, మేకలుగా ఆడినప్పుడు ఎవరి మేకలు తక్కువ పోయాయో వారిది పైచేయి; అదీ సమానమైతే, రెండు ఆటల్లో కలిపి ఎక్కువ వరాలు వాడకుండా మిగుల్చుకున్నవారిది.